ఐఆర్ఏ ఇంటి మీద సొంత చెయ్యి వేయకండి

అమెరికాలో సెల్ఫ్ డైరెక్టెడ్ ఐఆర్ఏ డబ్బుతో అద్దె ఇల్లు కొన్న తెలుగువాళ్ళు ఒక సంగతి వెంటనే గ్రహించాలి. ఆ ఇల్లు మీది కాదు, మీ రిటైర్మెంట్ ఖాతాది. అద్దె నేరుగా ఖాతాలోనే పడాలి. ప్రాపర్టీ ట్యాక్సు, ఇన్సూరెన్సు, రిపేర్లు ఆ ఖాతా డబ్బుతోనే జరగాలి.

శనివారం పొద్దున్నే అద్దెకున్నాయన ఫోన్ చేసి వాటర్ హీటర్ కారుతోందంటాడు. మీరు సొంత క్రెడిట్ కార్డుతో కొత్తది కొని, మీరే బిగించి వస్తారు. డబ్బు మిగిలిందనుకుంటారు. కానీ పన్ను చట్టం 4975వ సెక్షన్ కింద అది నిషిద్ధ లావాదేవీ కావచ్చు. అలా తేలితే ఆ ఏడాది జనవరి 1 నుంచే ఖాతా ఐఆర్ఏగా చెల్లదు. అందులో ఉన్నదంతా మీరు తీసేసుకున్నట్టే లెక్క. మామూలు ట్రెడిషనల్ ఖాతాలో 3 లక్షల డాలర్ల ఇల్లుంటే, చేతికి ఒక్క డాలరూ రాకుండానే ఆ మొత్తం మీద ఆదాయపు పన్ను పడుతుంది. వయసు 59½ దాటకపోతే మరో 10 శాతం, అంటే 30 వేల డాలర్లు అదనం.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఆ ఇంట్లో ఉంచకండి, ఖాళీగా ఉన్నా సరే. మార్కెట్ అద్దె కట్టినా కుదరదు. భార్యాభర్తలు, పిల్లలు, మనవలు, కోడళ్ళు, అల్లుళ్ళు అందరికీ ఇదే నిబంధన. యూనివర్సిటీలో చదివే అబ్బాయికీ అంతే.

అప్పు తీసుకుంటే మీ సొంత పూచీ లేని నాన్ రికోర్స్ లోన్ మాత్రమే అయి ఉండాలి. 2013లో పీక్ కేసులో, ఐఆర్ఏలు పెట్టుబడి పెట్టిన కంపెనీ అప్పుకి ఖాతాల యజమానులు వ్యక్తిగతంగా హామీ ఇచ్చినందుకే టాక్స్ కోర్టు ఆ ఖాతాలకు పన్ను రక్షణ లేదంది. పైగా అప్పుతో కొన్న భాగం మీద వచ్చే ఆదాయానికి ఖాతాయే పన్ను కట్టాల్సి రావచ్చు.

కొనే ముందే ఖాతాలో నగదు మిగుల్చుకోండి. 2025కి 50 ఏళ్ళలోపువారు ఐఆర్ఏలో కొత్తగా వేయగలిగింది 7,000 డాలర్లే. పైకప్పు మార్చాల్సొస్తే అది ఏ మూలకి?

ఖాతాని నిర్వహించే కస్టోడియన్ సంస్థ మిమ్మల్ని ఆపుతుందనుకోకండి, అది వాళ్ళ పని కాదు. ఇప్పటికే సొంత డబ్బు పెట్టి ఉంటే, రిటర్ను వేసే లోపే ఈ నిబంధనలు తెలిసిన ట్యాక్స్ లాయర్‌కి రసీదులన్నీ చూపించండి.