కెనడాలో ఉక్రెయినీలు: నూట ముప్ఫై ఏళ్ల అండ

ఉక్రెయిన్ పేరు చెబితే తెలుగు జిల్లాల్లో ముందుగా స్ఫురించేది వైద్యవిద్య. 2022 ఫిబ్రవరి 24న రష్యా పూర్తిస్థాయి దాడికి దిగినప్పుడు అక్కడి కళాశాలల్లో చదువుతున్న మన విద్యార్థులు 'ఆపరేషన్ గంగ' విమానాల్లో స్వదేశానికి చేరుకున్నారు. అంతకు కొద్దినెలల ముందే, 2021లో, 'నాటు నాటు' పాట చిత్రీకరణ జరిగినదీ కీవ్ నగరంలోని మేరిన్స్కీ ప్రాసాదం ఎదుటనే. మన విద్యార్థులకు తిరిగి రావడానికి ఇళ్లున్నాయి. ఆ ఇళ్లే కూలిపోయిన ఉక్రెయినీలలో అత్యధికులు పోలండ్, జర్మనీ వంటి ఐరోపా దేశాల్లో తలదాచుకున్నారు. మహాసముద్రం అవతల ఉన్న కెనడా సైతం 2024 వసంతం నాటికి దాదాపు 3 లక్షల మందిని రానిచ్చింది. దీన్ని పాలకుల ఔదార్యంగా మాత్రమే చూస్తే అసలు కారణం మరుగున పడుతుంది. అక్కడ అప్పటికే వారి బంధువర్గం ఉంది; దానికి ఓటుబలమూ ఉంది. 2021 జనగణన ప్రకారం కెనడాలో ఉక్రెయిన్ మూలాలున్నవారు 12 లక్షలకు పైమాటే.

ఈ బలం ఒక్కనాటిది కాదు. నాడు ఆస్ట్రియా-హంగరీ ఏలుబడిలో ఉన్న గలీషియా ప్రాంతం నుంచి 1891 సెప్టెంబరులో ఇద్దరు రైతులు కెనడాలో అడుగుపెట్టారు. పది డాలర్ల రుసుముకు 160 ఎకరాల బీడు భూమి ఇస్తారన్న మాట ఊరూరా పాకింది. 1914 నాటికి సుమారు లక్షా 70 వేల మంది తరలివెళ్లి మనిటోబా, సస్కాచెవాన్, అల్బెర్టా మైదానాలను గోధుమ పొలాలుగా మార్చారు.

నాడు శత్రువులు

భూమి ఇచ్చిన ప్రభుత్వమే మొదటి ప్రపంచ యుద్ధంలో వారిని శత్రుదేశ ప్రజలుగా ముద్ర వేసింది. వేలాదిమందిని నిర్బంధ శిబిరాలకు పంపి, బాన్ఫ్ జాతీయ ఉద్యానంలో బాటలు వేయించింది. నేడు ఆ అందాలను చూసి మురిసే పర్యాటకులలో ఈ సంగతి ఎరిగినవారు ఎందరో! 1916లో మనిటోబా పాఠశాలల్లో ఉక్రెయినీ బోధనకూ తెరపడింది. నిర్బంధ చరిత్రను కెనడా పార్లమెంటు చట్టం ద్వారా అంగీకరించడానికి 2005 వరకు ఆగవలసి వచ్చింది.

అణచివేతకు వారిచ్చిన జవాబు సంస్కృతి. కెనడా ఆంగ్ల, ఫ్రెంచి జాతుల ఉమ్మడి సొత్తు అన్న వాదన 1960లలో బలపడినప్పుడు, మిగిలిన వారి మాటేమిటని సెనేటులో నిలదీసిన పాల్ యూజిక్ ఈ సమాజం బిడ్డే. 1971లో బహుళ సంస్కృతుల విధానం వెలువడింది. 1974లో ఎడ్మంటన్‌లో ఉక్రెయినీ-ఆంగ్ల ద్విభాషా తరగతులు మొదలయ్యాయి. అమెరికాలో తెలుగు బడులు చాలావరకు వారాంతాలకే పరిమితం. అక్కడ మాత్రం ప్రభుత్వ పాఠశాలలోనే దాదాపు సగం పాఠాలు మాతృభాషలో చెబుతారు. ఈ తేడా ప్రవాసాంధ్రులు గమనించదగినది.

1975లో వెగ్రెవిల్ పట్టణంలో లోహపు పలకలతో భారీ 'పిసాంకా'ను నిలబెట్టారు. పిసాంకా అంటే ఈస్టర్ పండుగకు అలంకరించే గుడ్డు. తేనెమైనంతో గీతలు గీసి, లేతరంగు మొదలుకొని ముదురురంగు వరకు వరుసగా ముంచి, చివరకు సెగ చూపి మైనం తుడిచేస్తారు. దాగిన రంగులన్నీ అప్పుడు బయటపడతాయి. ఈ కళకు 2024లో యునెస్కో గుర్తింపు లభించింది. సోవియట్ ఏలుబడిలో 1932-33 నాటి మహాక్షామాన్ని తలచుకోవడమే నేరమైన కాలంలో, 1983లో, ఎడ్మంటన్ నగరం దాని మృతులకు స్మారకం కట్టింది. 1991 డిసెంబరు 2న, స్వాతంత్ర్యానికి ప్రజలు ఓటువేసిన మర్నాడే, కెనడా ఉక్రెయిన్‌ను గుర్తించింది.

2022 తర్వాత ఆ అల్లికే అక్కరకు వచ్చింది. చర్చి నేలమాళిగల్లో మహిళలు 'వరెనికి' చేసి అమ్మడం పాత ఆనవాయితీ. కజ్జికాయ రూపంలో, లోపల బంగాళాదుంప ముద్ద పెట్టి ఉడికించే వంటకమిది. చర్చి ఖర్చులకు వాడే ఆ డబ్బు మందులకూ, శరణార్థుల అవసరాలకూ మళ్లింది.

మెచ్చుకోలు చాలదు

ఈ కథలో చేదూ ఉంది. 2023 సెప్టెంబరులో జెలెన్‌స్కీ పర్యటన వేళ కెనడా పార్లమెంటు లేచి నిలబడి సత్కరించిన 98 ఏళ్ల వృద్ధుడు రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల ఎస్ఎస్ దళంలో పనిచేసినట్లు తేలింది. స్పీకరు రాజీనామా చేశారు. మహాక్షామం గురించి గళమెత్తే సమాజం ఈ అధ్యాయంపైనా అంతే నిర్మొహమాటంగా మాట్లాడాలి. మౌనం రష్యా ప్రచారానికే ఊతమిస్తుంది.

భాష పరిస్థితి మరింత సున్నితం. 2021 నాటికి ఉక్రెయిన్ సంతతిలో పదిమందికి ఒకరికి కూడా ఆ భాష మాతృభాష కాదు. కొత్తగా వచ్చినవారు ఆ లోటు తీరుస్తారన్న ఆశ సహజమే. అయితే పాతవారి పలుకుబడి ముత్తాతల నాటి గలీషియా పల్లెలది. కొత్తవారిలో ఎందరో ఖార్కివ్ వంటి తూర్పు నగరాలవారు, ఇంట్లో రష్యన్ మాట్లాడుతూ పెరిగినవారు. పైగా పాతవారు భూమిపట్టాలతో స్థిరపడ్డారు. వీరు తాత్కాలిక అనుమతులతో దిగారు. కెనడాలో రక్తబంధువులున్న వారికి శాశ్వత నివాసానికి తెరిచిన ప్రత్యేక మార్గం 2024 అక్టోబరులో మూతపడింది. బంధువులు లేనివారు సాధారణ వలస నిబంధనల కింద ఇతర దేశస్థులతో పోటీపడవలసిందే. పునర్నిర్మాణానికి తన ప్రజలు తిరిగి రావాలని కీవ్ కోరుతోంది. పిల్లలు మాత్రం బడుల్లో కుదురుకున్నారు.