చెవులపిల్లి ఉన్ని: లాభమెవరికి? అప్పెవరికి?

“ఏందే వదినె, చెవులపిల్లిని సాదితే ఉన్ని వస్తదంట. కిలోకు వేలల్ల ధరంట. పిల్లల్ని వాళ్లే ఇస్తరు, ఉన్ని వాళ్లే కొంటరంట!”

“మరి పైసలు?”

“సంఘం మీద లోను. మనమందరం సంతకాలు పెడితే చాలంట.”

ఇలాంటి మాటలు ఏ ఊరి మహిళా సంఘం మీటింగులోనైనా వినబడొచ్చు. సెల్‌ఫోన్లలో తిరిగే వీడియోలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. మంచు ముద్దలా తెల్లటి కుందేలు, దాని ఒంటినిండా పట్టులాంటి ఉన్ని. పక్కనే నవ్వుతూ నిలబడ్డ మహిళ. ‘ఇంట్లో కూర్చుని సంపాదించండి’ అని కింద ఓ మాట. చదువుకున్న పట్నం అమ్మాయికైనా, ఇద్దరు పిల్లల పల్లెటూరి తల్లికైనా ఈ మాట నచ్చుతుంది. నచ్చడంలో తప్పేం లేదు. కాకపోతే సంతకం పెట్టే ముందు ఆ కుందేలు గురించి, ఆ ఉన్ని గురించి, ఆ లెక్క గురించి కాస్త తెలుసుకోవాలి కదా!

ఏమిటీ అంగోరా?

అంగోరా అనేది టర్కీ రాజధాని అంకారాకు పాత పేరు. ఆ పేరుతో మేకలూ ఉన్నాయి, కుందేళ్లూ ఉన్నాయి. అంగోరా మేక నుంచి వచ్చేది మొహేర్. కుందేలు నుంచి వచ్చేదే అంగోరా ఉన్ని. దీని పోగు మందం సుమారు 11 నుంచి 14 మైక్రాన్లు. మేలు రకం మెరినో గొర్రె ఉన్ని కన్నా ఇది సన్నం. చాలా తేలిక, చాలా వెచ్చన. అందుకే చలి దేశాల్లో స్వెట్టర్లకు, శాలువలకు దీన్ని వాడతారు. పోగు జారిపోతుంది, సాగే గుణం తక్కువ. కాబట్టి మామూలుగా గొర్రె ఉన్నితో కలిపి వడుకుతారు.

మన దేశంలో ఈ కుందేళ్లకు అనువైన చోటు హిమాచల్ ప్రదేశ్. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో 1962లో మొదలైన కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థకు కులు జిల్లా గార్సాలో ఒక కేంద్రం ఉంది. జర్మన్ అంగోరా జాతి మీద అక్కడ ఏళ్ల తరబడి పని జరిగింది. కులు లోయలో శాలువల నేత ముందు నుంచీ ఉంది. వడికే ఆడవాళ్లున్నారు, మగ్గాలున్నాయి, మనాలీకి వచ్చే యాత్రికులు కొనడానికి ఉన్నారు. అక్కడ అంగోరా ఉన్ని ఊరికే రాలేదు. ముందే ఉన్న ఒక పనిలోకి వచ్చి చేరింది.

ఇదే సంస్థకు దక్షిణాదిన కూడా ఒక కేంద్రం ఉంది. ఎక్కడనుకున్నారు? తమిళనాడులో కొడైకెనాల్ కొండల మీద, మన్నవనూరులో. అక్కడ ముఖ్యంగా పెంచేవి మాంసం కుందేళ్లు. దక్షిణాదిలో కుందేళ్ల కేంద్రానికి నిపుణులు చల్లటి కొండను ఎంచుకున్నారన్న సంగతి మనం గుర్తు పెట్టుకోవాలి.

నడిగడ్డ ఎండలో...

ఇప్పుడు అదే కుందేలును మన పాలమూరు వైపు తెచ్చి చూద్దాం. జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలనే తీసుకోండి. కృష్ణా, తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డ అది. దగ్గర్లోనే బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి, కృష్ణమ్మ. పత్తి విత్తనాలకు పేరుపడ్డ ప్రాంతం. పేరుకు రెండు నదుల నడుమ ఉన్నా ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డు కింద మనిషే నిలవలేడు.

కుందేలుకు మనలా చెమట పట్టి ఒళ్లు చల్లబడదు. ఒంట్లో వేడిని ముఖ్యంగా చెవుల ద్వారానే బయటికి పంపుకోవాలి. దానికి 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. ముప్ఫై దాటితే మేత తగ్గిస్తుంది. మగ వాటికి కొన్నాళ్లపాటు సంతాన శక్తి తగ్గిపోతుంది. ముప్ఫై అయిదు దాటితే ప్రాణం మీదికే వస్తుంది. మామూలు కుందేలు సంగతే ఇది. ఒంటినిండా ఉన్ని రగ్గు కప్పుకున్న అంగోరా సంగతి వేరే చెప్పాలా?

“కూలరు పెడతాం” అనొచ్చు. పెట్టొచ్చు. కరెంటు బిల్లు ఎవరు కట్టాలి? మే నెల మధ్యాహ్నం రెండు గంటల సేపు కరెంటు పోతే ఎవరు విసరాలి? మాంసం కోసం పెంచే కుందేళ్లను నీడ, గాలి, నీళ్లు జాగ్రత్తగా చూసుకుంటూ మైదాన ప్రాంతాల్లో పెంచేవాళ్లు ఉన్నారు. అంగోరాను దాంతో పోల్చకూడదు.

కాగితం మీద లెక్క

వాతావరణం సంగతి కాసేపు పక్కన పెట్టి, అంతా బాగానే జరిగిందనుకుందాం. జర్మన్ అంగోరాకు దాదాపు 75 నుంచి 90 రోజులకొకసారి ఉన్ని కత్తిరించాలి. చల్లటి చోట మంచి పోషణలో ఒక కుందేలు ఏడాదికి 800 గ్రాముల నుంచి కిలో దాకా ఇస్తుంది. దానికి రోజుకు 150 నుంచి 200 గ్రాముల దాణా కావాలి, పచ్చిమేత, ఎండుగడ్డి వేరే. అంటే ఒక్కో దానికి ఏడాదికి 55 నుంచి 73 కిలోల దాణా. పది కుందేళ్లకు సుమారు ఆరేడు క్వింటాళ్లు. దానికి బదులు చేతికొచ్చేది, అన్నీ కలిసొస్తే, ఎనిమిది నుంచి పది కిలోల ఉన్ని. వేడికి మేత తగ్గితే ఉన్నీ తగ్గుతుంది. చిక్కులు పడ్డదీ, మురికి పట్టిందీ మంచి ధరకు పోదు.

ఈ లెక్కలో మన చాకిరీ ఇంకా కలపలేదు. రోజూ గూళ్లు ఊడవాలి. వారానికోసారైనా దువ్వాలి, లేకపోతే ఉన్ని అట్టకడుతుంది. తీగ జల్లెడ మీద నిలబడి నిలబడి కాళ్లు పుండ్లు పడతాయి, వాటికి పలకో గడ్డో పరవాలి. చెవుల్లో గజ్జి వస్తుంది, చూసుకోవాలి. ఒంటిని నాక్కుంటూ ఉన్ని మింగేస్తుంది. కుందేలు కక్కలేదు కాబట్టి ఆ ఉన్ని కడుపులో అడ్డం పడి చచ్చిపోవచ్చు. ఎండుగడ్డి పుష్కలంగా పెట్టడం, వారంలో ఒకరోజు దాణా ఆపి గడ్డి మీదే ఉంచడం అందుకే. ‘ఇంట్లో కూర్చుని’ అనే మాటలో ఈ పనంతా దాగి ఉంది. వంట, పిల్లలు, పొలం పని అయ్యాక మిగిలిన గంటలోనే ఇదంతా జరగాలి. మగవాళ్లు చేస్తే కూలి అని లెక్కేసేది, ఆడవాళ్లు చేస్తే ‘తీరిక వేళ’ అయిపోతుంది.

కొనేవాళ్లెవరు?

ఇంతా చేసి ఉన్ని తీశామనుకోండి, ఎక్కడ అమ్మాలి? ప్రపంచంలో అంగోరా ఉన్నిలో దాదాపు తొంభై శాతం చైనాదే. 2013లో అక్కడి కొన్ని ఫారాల్లో బతికున్న కుందేళ్ల ఒంటి మీది ఉన్నిని పీకుతున్న వీడియో బయటికొచ్చింది. కుందేళ్ల అరుపులు విన్నవాళ్లు మర్చిపోలేదు. హెచ్ అండ్ ఎం ఆ ఏడాది చివర్లోనే అంగోరా దుస్తుల తయారీ ఆపేసింది. జారా దుకాణాల యజమాని ఇండిటెక్స్ 2015లో అంగోరాను వదిలేసింది. మరెన్నో కంపెనీలు అదే బాట పట్టాయి. కత్తెరతో నెమ్మదిగా తీస్తే కుందేలుకు నొప్పి ఉండదు, నిజమే. కానీ పెద్ద దుకాణాలు ఆ సరుకే వద్దన్నాక, ఇటిక్యాలలో మనం ఎంత ప్రేమగా కత్తిరించామన్నది చూసేదెవరు?

మనకు దగ్గర్లో అంగోరా వడికే మిల్లు లేదు, నేసే మగ్గం లేదు. గద్వాల మగ్గాల మీద పట్టూ నూలూ ఆడతాయి గానీ కుందేలు ఉన్ని కాదు. కాబట్టి కొనేది ఒక్కరే, పిల్లల్ని అమ్మిన ఆ కంపెనీయే. అమ్మేదీ కొనేదీ ఒక్కరే అయినప్పుడు ధర చెప్పేదీ వాళ్లే.

ఈము పక్షి నేర్పిన పాఠం

ఈ కథ మనం ముందే చూశాం. ఈము పక్షులు గుర్తున్నాయా? మాంసం, నూనె, ఈకలు, తోలు అన్నీ బంగారమే అన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా కంచెలు వేసి పెంచారు. 2012లో తమిళనాడులోని పెరుందురైలో ఒక పెద్ద ఈము కంపెనీ మూతపడింది. వేలమంది డబ్బు కట్టి మోసపోయామని ఫిర్యాదు చేశారు. మన వైపూ కొనేవాళ్లు లేక, మేత ఖర్చు భరించలేక పెంపకందార్లు చితికిపోయారు. 2019లో మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో కడక్‌నాథ్ కోళ్ల పేరుతో ఇలాంటి గొడవే లేచింది. పక్షి మారింది, పద్ధతి మారలేదు.

ఆ పద్ధతి ఏమిటంటే, మొదట చేరినవాళ్లకు ఆదాయం వచ్చేది మాంసం నుంచో ఉన్ని నుంచో కాదు. వెనకాల చేరేవాళ్లకు పిల్లల్ని అమ్మడం నుంచి. కొత్తవాళ్లు చేరుతున్నంత కాలం అందరికీ లాభమే కనిపిస్తుంది. చేరేవాళ్లు ఆగిపోయిన రోజు చివరి వరసలో ఉన్నవాళ్ల చేతిలో జంతువులు, అప్పు మిగులుతాయి.

మన సంఘాలకు ఇక్కడే ఎక్కువ ప్రమాదం. సంఘం అప్పు ఒక్కరిది కాదు. ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్లు కట్టాలి, లేకపోతే తర్వాత ఎవరికీ అప్పు పుట్టదు. పాప చదువుకనో, ఆపరేషనుకనో ఆశ పెట్టుకున్న పక్కింటి వదినె లోను, మన షెడ్డులో చచ్చిపోయిన కుందేలుతో పాటే పోతుంది. ఏళ్ల తరబడి రూపాయి రూపాయి పొదుపు చేసి నిలబెట్టుకున్న నమ్మకం అది.

సంతకానికి ముందు అడగాల్సినవి

ఎవరొచ్చి ఏ జంతువు గురించి చెప్పినా ఈ ప్రశ్నలు అడగండి.

ఒకటి. మీ దగ్గర పిల్లల్ని కొని, రెండేళ్లు పెంచి, ఉన్ని అమ్మినవాళ్లను చూపించండి. పిల్లల్ని అమ్మినవాళ్లను కాదు. డబ్బు బ్యాంకులో పడ్డ కాగితం చూస్తాం.

రెండు. మీరు కొనకపోతే మరెవరు కొంటారు? ఇద్దరి పేర్లు చెప్పండి, మేమే వెళ్లి మాట్లాడతాం.

మూడు. మే నెలలో మన జిల్లాలోనే ఒక షెడ్డు చూపించండి. డిసెంబరులో కాదు.

నాలుగు. మండలం పశువుల డాక్టరు ఈ జంతువుకు వైద్యం చేస్తారా? ఆయన్నే వెళ్లి అడగాలి.

అయిదు. ముందుగా డబ్బు తీసుకుని నెలనెలా ఇంత ఇస్తామంటే, ఆ డబ్బు తీసుకునే అనుమతి ఉందా? నియంత్రణ లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం చేసింది. అనుమానం వస్తే పోలీసులకు, జిల్లా అధికారులకు చెప్పొచ్చు.

జవాబు సూటిగా రాకపోతే, “ఈ నెలే ఆఖరు” అని తొందరపెడితే, లేచి వచ్చేయండి.

మన నేల మీది ఉన్ని

ఒక మాట చెప్పక తప్పదు. ఉన్ని కోసం నడిగడ్డ, పాలమూరు వాళ్లు కులు నుంచి జంతువును తెచ్చుకోవాల్సిన పని లేదు. దక్కనీ నల్లగొర్రె మనదే. ఎండకు, నడకకు, కరువుకు తట్టుకుంటుంది. దాని ఉన్ని ముతకదే, కానీ ఆ ఉన్నితోనే గొంగళ్లు నేశారు. కురుమల ఇళ్లలో ఉన్ని వడికింది ఆడవాళ్లు. చింతగింజల గంజి పెట్టి నేసిన గొంగడి కింద వానకూ చలికీ తరాలు బతికాయి. ఇప్పుడు కత్తిరింపు కూలి కూడా రాదని ఆ ఉన్నిని పారేస్తున్నారు.

తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్. డెబ్బై అయిదు శాతం సబ్సిడీ. అప్పుడు లెక్కేసింది మాంసమే. పక్క రాష్ట్రాల నుంచి తెచ్చినవాటిలో ఉన్ని లేని నెల్లూరు జాతి లాంటివే ఎక్కువ. ఉన్ని గురించి, వడికే చేతుల గురించి ఆ పథకంలో ఆలోచన లేకపోయింది. నల్ల ఉన్నికి కొనుగోలు కేంద్రం, వడికే ఆడవాళ్లకు గిట్టుబాటు కూలి అని మనం అడిగితే అది గొంతెమ్మ కోరిక కాదు. అలాగని రేపే గొర్రె ఉన్ని మీద లోను తీసుకోమనీ చెప్పడం లేదు. పై అయిదు ప్రశ్నలు దానికీ వర్తిస్తాయి.

ముచ్చటగా ఒక అంగోరాను ఇంట్లో పెంచుకుంటున్నారా? సంతోషం. వేసవిలో వెంట్రుకలు పొట్టిగా కత్తిరించండి. చల్లటి గదిలో ఉంచి, చెవుల మీద తడిగుడ్డ అద్దండి. స్నానం చేయించకండి. చెవులు పట్టుకుని ఎత్తకండి. పొలాల్లో తిరిగే అడవి కుందేలును మాత్రం పట్టి తేకండి, అది 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ముచ్చట వేరు, బతుకుదెరువు వేరు. మీ సంఘం మీటింగులో ఈసారి ఇలాంటి కాగితం వస్తే, మిగతావాళ్లు ఏమనుకుంటారోనని వెనక్కి తగ్గకండి. “మే నెలలో చూపించండి” అని మీరే మొదట అడగండి. ఆ ఒక్క మాటకు పదిమంది లోన్లు నిలుస్తాయి.