పల్లె చర్చి రిజిస్టర్లను చెదలకు వదలొద్దు



మెదక్ చర్చికి 2024 డిసెంబరు 25తో నూరేళ్లు నిండాయి. మిషనరీ పోస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని చూపించి, తిండి పెట్టి కట్టించిన వైనం మరోసారి చదువుకున్నాం. సంతోషం. మరి అంత గోపురం లేని పల్లె చర్చిల చరిత్ర ఎవరు రాస్తారు?

మా మొయినాబాద్, చేవెళ్లకు పడమట వికారాబాద్ కేంద్రంగా మెథడిస్టు మిషన్ పనిచేసింది. అమెరికా మిషనరీ పికెట్ 1933లో అచ్చువేసిన అధ్యయనంలో వికారాబాద్ ప్రాంతమూ ఉంది. అయితే సర్వేలో దొరికేవి అంకెలు. మనుషులు దొరికేది బాప్తిస్మం రిజిస్టరులో. నిజాం కాలంలో పటేల్ పట్వారీల దస్తరాలు భూమి ఉన్నవాళ్ల చుట్టూ తిరిగేవి. వెట్టి చేసిన మాదిగ, మాల ఇళ్లలో తాత పేరు, అవ్వ పేరు మొదటిసారి కాగితం మీదకెక్కింది చాలాచోట్ల ఈ రిజిస్టరులోనే. పెళ్లి పుస్తకంలో అయితే సాక్షుల వేలిముద్రలు కూడా ఉంటాయి. అందుకే ఇది ఒక మతం వాళ్ల సొంత సంగతి కాదు, ఊరి చరిత్ర.

ఆ పుస్తకాలు ఎలా పోతున్నాయో అందరికీ తెలుసు. పాస్టరుగారు బదిలీ అవుతారు, ట్రంకు పెట్టె మూలన పడుతుంది, వాన కురుస్తుంది. పాత గోడలు కూల్చి స్లాబు వేసేటప్పుడు పునాదిరాయి మట్టిలో కలిసిపోతుంది. కొత్త చర్చి కట్టుకోవద్దని నేననను. ఆ రాయిని కొత్త గోడలో పెట్టించడానికి ఖర్చెంత?

మా చేవెళ్ల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు వెడల్పు చేస్తారంటే, మర్రిచెట్ల మీద ప్రేమున్నవాళ్లు తొమ్మిది వందలకు పైగా చెట్లను ఒక్కొక్కటిగా లెక్క రాసి హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. వాళ్లకు దండం పెడతాను. అదే ఓపిక ఈ పుస్తకాల మీద కూడా చూపాలి.

ఒక చిక్కుంది, దాన్ని దాచకూడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. రిజిస్టరు బయటపడితే పిల్లల సర్టిఫికెట్లకు ముప్పు వస్తుందని కొన్ని కుటుంబాలు భయపడతాయి. ఆ భయం న్యాయమైనదే. కాబట్టి పేజీలన్నీ ఫొటో తీసి భద్రపరచాలి కానీ, కుటుంబం ఒప్పుకోనిదే ఎవరికీ చూపకూడదు. చరిత్ర పేరుతో బతికున్నవాళ్లకు హాని చేసే హక్కు ఎవరికీ లేదు.

మెదక్ డయాసిస్ పెద్దలకు, మెథడిస్టు సంఘ పెద్దలకు నా మనవి ఒక్కటే. పాస్టర్ల బదిలీలకు ముందే ప్రతి పాస్టరేటులోని పాత రిజిస్టర్లను ఫొటోలు తీయించండి. ఒక ప్రతిని తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, కుటుంబం ఒప్పుకుంటేనే చూపాలన్న షరతుతో, దాచే ఏర్పాటు చేయండి. ఊళ్లలోని యువకులు ఎనభై దాటిన సంఘ పెద్దల దగ్గర కూర్చొని, చర్చికి జాగా ఎవరిచ్చారో, గంట ఎక్కడి నుంచి వచ్చిందో, మొదట బడి చెప్పింది ఎవరో ఇప్పుడే రాసి పెట్టుకోండి.

— ఒక పాఠకుడు, ఎంకపల్లి