కారు ఎగిరినచో కథ కూలును

సాంస్కృతిక వ్యాసముల సంచికలో గూఢచారి చిత్రముల కారు పరుగులకు చోటేమిటని కొందరు పెద్దలు కనుబొమలు ముడువవచ్చును. మన యిండ్లలో హరికథ ఏటికొకసారియైనను జరుగుట లేదు. సినిమా మాత్రము ప్రతి సాయంకాలమును జరుగుచున్నది. మన పిల్లలు దేనికి చప్పట్లు కొట్టుచున్నారో విచారించుట సంస్కృతికి వెలియైన పని కాదు. ఆ చప్పట్లు నేడు కాని చోట పడుచున్నవని నా వాదము.

అందరును ఛేజింగు అని పిలుచు ఈ ఘట్టమునకు నేడు వాడుకలోనున్న కొలబద్దలు మూడు: బండి ఎంత ఎత్తున కెగిరినది, ఎన్ని బండ్లు తుక్కయినవి, ఎన్ని కోట్లు వ్యయమైనవి. ఇవి నిర్మాత జమాఖర్చుల పుస్తకమునకు చెందిన లెక్కలే గాని రసికుని లెక్కలు కావు. వెంబడింపునకు ప్రాణము భయము. ఆ భయము పుట్టవలెనన్నచో ప్రేక్షకునకు మూడు సంగతులు తెలియవలెను. తరుమువానికిని తప్పించుకొనువానికిని నడుమ దూరమెంత? ముందున్న దారిలో అడ్డేమి? దొరికిపోయినచో పోవునదేమి? వీనిలో ఒక్కటి లోపించినను మిగులునది ఇంజను రొద మాత్రమే.

ఇది విదేశీయుల సొత్తనియు, ధనము లేనిదే మనకు సాధ్యము కాదనియు చెప్పువారు మన చరిత్రను మరచినవారు. 1965లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘తేనె మనసులు’ గూఢచారి కథ కాదు, కుటుంబ కథ. అందు క్రొత్త నటుడు కృష్ణ స్కూటరుపై కారును వెంబడించి, డూపు లేకయే దానిపైకి దూకెను. ఆ ఘట్టము నచ్చియే నిర్మాత డూండీ ఆయనను ‘గూఢచారి 116’కు ఎన్నుకొనెనని ప్రసిద్ధి. 1966లో ఆ చిత్రము విడుదలయ్యెను. కృష్ణకు ఆంధ్రా జేమ్స్‌బాండ్ అను పేరు స్థిరపడెను. మరుసటి యేడు అదే కథ ‘ఫర్జ్’ అను పేర హిందీలోనికి పోయెను. 1968లో దొరై–భగవాన్‌ల ‘జేడర బలె’తో రాజ్‌కుమార్ కన్నడమునకు గూఢచారి యయ్యెను. మాతృభాష నుండి ఒకడు, ఊరి భాష నుండి ఒకడు: బెంగుళూరు తెలుగు కుటుంబములకు ఇద్దరు గూఢచారులు దక్కిరి. మన గూఢచారి మాత్రము పుట్టినది ఖరీదైన కారులో కాదు, స్కూటరు మీద. ఆ స్కూటరు చిన్నది, కారు పెద్దది. నడుపువానికి చుట్టును రేకు గోడలు లేవు. పడినచో దెబ్బ ఎక్కడ తగులునో చూచువానికి తెలియును. భయమునకు అంతకు మించిన పెట్టుబడి అక్కరలేదు.

విదేశ చిత్రములలోను మేలైనవి చెప్పునది ఇదే. 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’లో ఆస్టన్ మార్టిన్ కారులోని మాయలన్నియు ముందుగనే మనకు వివరింపబడును, ఒక్కొక్కదాని వంతు కొరకు మనము వేచియుందుము. తుదకు బాండు అద్దములో కనబడిన తన కారు దీపములనే ఎదుటి బండివని భ్రమించి, గోడకు గుద్దుకొని శత్రువునకు చిక్కును. అన్ని ఆయుధములున్న కారును ఒక అద్దము ఓడించెను. 1981 నాటి ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’లో అతని లోటస్ పేలిపోవును, నాయిక యొక్క చిన్న పసుపు సిత్రోయన్‌లో కొండదారి దిగవలసివచ్చును. బండికి శక్తి తగ్గినకొలది ఘట్టమునకు శక్తి హెచ్చెను.

దీనికి విరుద్ధమైనది 1974 నాటి ‘ది మాన్ విత్ ది గోల్డెన్ గన్’. విరిగిన వంతెన మీదుగ కారు గాలిలో ఒక చుట్టు తిరిగి ఆవలి ఒడ్డున దిగును. కంప్యూటరుతో లెక్క కట్టి, ఒకే ప్రయత్నమున నిజముగా సాధించిన విన్యాసమది. దానికొక ఈల మోత జతచేసిరి. గుండె ఆగవలసిన చోట నవ్వు వచ్చెను. నిజమైన సాహసము సైతము బరువు పోయినచో బొమ్మలాట యగును. నేటి మన చిత్రములలో ఒక్క తన్నునకు జీపులు ఆకాశమున కెగురుటను గూర్చి ఇక చెప్పనేల?

‘సినిమా యన్నదే కల్పన, మాయాబజారులో లడ్డూలు ఎగిరి నోట పడలేదా?’ అని అడుగువారు కలరు. పడినవి, మనము మురిసితిమి. కాని అచ్చట తినువాడు ఘటోత్కచుడు. మాయ అతని కులవిద్య. గూఢచారి యన్ననో నెలజీతము తినెడి సర్కారు ఉద్యోగి. అతనికి మాయ తెలిసినచో తరుమువారికి జంకనేల? జంకనివానిని చూచి మనము ఉలుకనేల?

ఈ వాదము రసమునకు మాత్రమే సంబంధించినది కాదు. 2016 నవంబరులో మన నగర సమీపమందలి తిప్పగొండనహళ్ళి జలాశయములోనికి, కన్నడ చిత్రీకరణ కొరకు హెలికాప్టరు నుండి దూకిన ఇద్దరు నటులు మునిగి మరణించిరి. 2025 జూలైలో తమిళనాడున ఒక స్టంటు కళాకారుడు కారు పల్టీ కొట్టించు దృశ్యములో ప్రాణము కోల్పోయెను. ‘ఇంకను ఎత్తుగా’ అని మనము కోరిన కోరికకు ఎవరో వెల చెల్లించుచున్నారు. కనుకనే డూపు లేకుండుట గొప్ప యని నేననుట లేదు. భయము ప్రేక్షకుని గుండెలో కలుగవలెను గాని పనివాని ఎముకలలో కాదు. దూరమును చూపు కెమెరా, తగినచోట తెగు కత్తెర, దారి తెలిసిన దర్శకుడు — ఆ భయమును పుట్టించువారు వీరే.

మన నగర రహదారులపై ముందు చక్రము గాలిలోకెత్తి వీలింగు చేయు కుర్రవాండ్రు పట్టుబడుట తరచు వినుచున్నాము. అందుకు సినిమాయే కారణమని నేననను. అయినను, పడినవాడు తక్షణమే లేచి నవ్వెడి దృశ్యములు నూరు చూచిన పిల్లవానికి పడుటయనగా నేమో ఎవరు నేర్పవలెను? మంచి వెంబడింపు దానిని నేర్పును, చెడ్డది మరపించును.

కావున తలిదండ్రులకు నా మనవి యిది. చిత్రము చూడవద్దని పిల్లలను కసరకుడు. ప్రక్కన కూర్చుండి చూడుడు. దూరమెంత, అడ్డేమి, పోవునదేమి అని వారినే అడుగుడు. జవాబు దొరికినచో వారితో కలిసి చప్పట్లు కొట్టుడు. దొరకనిచో చేతులు ఒడిలో నుంచుకొనుడు. మన చప్పట్ల ధ్వని నిర్మాతకు మిక్కిలి త్వరగా వినబడును. మన మౌనము అంతకంటె త్వరగా వినబడును.