అమ్మమ్మ ఇల్లూ దేవుని ఇల్లే

తాండూరు దగ్గరి ఒక సంఘంలో సండేస్కూలు పిల్లల్ని ‘మా ఇల్లు’ బొమ్మ గీయమన్నాను. ఒక పాప అమ్మమ్మను, మేకపిల్లను, ఒక మూలన రైలును గీసింది. ‘అమ్మానాన్నల్ని మరిచిపోయావేం?’ అన్నాను. ‘వాళ్లు రైల్ల పోయిన్రు అయ్యగారూ’ అంది. మిగతా పిల్లలు నవ్వారు. వాళ్లు పుణెకు కూలిపనికి వెళ్లారని తర్వాత తెలిసింది. ఆ పాప రెండు ఆదివారాలు చర్చికి రాలేదు. తప్పు నాదే. ఆ గది గోడకున్న ‘క్రైస్తవ కుటుంబం’ పటంలో తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు, బల్లమీద బైబిలు ఉంటాయి. అందులో తన ఇంటికి చోటు లేదని ఆ పసిమనసుకు నేనే చెప్పినట్టయింది.

వికారాబాద్, తాండూరు సంఘాల్లో ఆ పటానికి అందని ఇళ్లెన్నో! వలస వెళ్లినవారి పిల్లలు తాతల దగ్గర పెరుగుతున్నారు. భర్త పోయాక నాపరాయి పనికి వెళ్లి బిడ్డల్ని సాకుతున్న తల్లులున్నారు. హాస్టలే ఇల్లయిన పిల్లలున్నారు.

పిల్లల బొమ్మల పుస్తకాల్లోనూ చాలాకాలం ఇదే లోటు. దాన్ని గుర్తించిన హైదరాబాద్‌లోని ‘అన్వేషి’ పరిశోధన కేంద్రం ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో పుస్తకాల వరుసను సిద్ధం చేసింది. 2008లో అవి తెలుగు, మలయాళం, ఇంగ్లిషు భాషల్లో వెలువడ్డాయి. దళిత, ముస్లిం ఇళ్ల పిల్లల జీవితం వాటిలో కనిపిస్తుంది. ఆ రచయితల్లో ఒకరైన గోగు శ్యామల తాండూరు పక్కనున్న పెద్దేముల్ ఆడబిడ్డ. మన ఇలాకా బిడ్డ రాసిన పుస్తకం మన సండేస్కూలు అలమరలో ఎందుకు ఉండకూడదు?

‘ఇలాంటి పుస్తకాలతో వివాహ వ్యవస్థ చులకన కాదా?’ అని కొందరు సంఘపెద్దలు అడుగుతుంటారు. వివాహం దేవుని ఏర్పాటని నేను నమ్ముతాను, బోధిస్తాను కూడా. కానీ ఉన్న ఇంటిని ఉన్నట్టు చూపితే వివాహానికి వచ్చిన లోటేమిటి? బైబిలు ఏ ఇంటినీ దాచలేదు. మోషే ఫరో కుమార్తె ఇంట పెరిగాడు. తల్లిదండ్రులు లేని ఎస్తేరును బంధువైన మొర్దెకై పెంచాడు. విధవరాండ్రైన నయోమి, రూతు ఒకరికొకరు కుటుంబమయ్యారు. బేతనియలో యేసు ఆతిథ్యం పొందిన ఇల్లు మార్త, మరియ, లాజరు అనే తోబుట్టువులది. తిమోతి విశ్వాసాన్ని తలచుకున్న పౌలు అతని అవ్వ లోయి, తల్లి యునీకే పేర్లు రాశాడు (2 తిమోతి 1:5). సిలువ వేదనలోనూ యేసు తన తల్లిని శిష్యుడికి అప్పగించి కొత్త కుటుంబాన్ని కట్టాడు (యోహాను 19:26,27). ఒంటరివారిని దేవుడు ఇంటివారిగా చేస్తాడన్నదే 68వ కీర్తన సాక్ష్యం.

ఈసారి వీబీఎస్ ఖర్చులో కొంత పక్కనపెట్టి ఇలాంటి బొమ్మల పుస్తకాలు కొందాం. పిల్లలకు చదివి వినిపిద్దాం. తన ఇల్లు కథలో కనిపించిన బిడ్డకు, దేవుడు తన ఇంట్లోనూ ఉన్నాడని నమ్మడం సులువవుతుంది.

మూడో వారం నేనే ఆ పాప ఇంటికి వెళ్లాను. నా మాటకు క్షమించమని అడిగాను. అమ్మమ్మ చాయ్ పెట్టింది, కలిసి ప్రార్థన చేసుకున్నాం. ఆ పాప గీసిన బొమ్మ ఇప్పుడు సండేస్కూలు గోడమీద, పాత పటం పక్కనే ఉంది. రైలుతో సహా.