చేతులు రోగి దగ్గర, మీట కాలి క్రింద



మింగుడు పడక, ఎడతెగని కడుపు మంటతో, లేక నల్లటి విరేచనాలతో వచ్చినవారికి డాక్టరుగారు ఎండోస్కోపీ వ్రాస్తే, మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న "నొప్పి ఉంటుందా?" అని. రెండవది "ఫోటోలు ఇస్తారా?" అని. ఈసారి ఆ ఫోటోలు తీసే పద్ధతి గురించి మా అభిప్రాయం చెప్పదలచుకున్నాము. చిన్న విషయంగా కనబడవచ్చు గాని, బల్ల మీద పడుకొనేది మీరే కనుక ఇది మీకు తెలియాలి.

పరీక్ష సమయంలో రోగి ఎడమ ప్రక్కకు తిరిగి పడుకుంటారు. పళ్ళ మధ్య ప్లాస్టిక్ మౌత్‌పీస్, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు ఉంటాయి. డాక్టరుగారి ఎడమ చేతిలో ఎండోస్కోపు పిడి, కుడి చేతిలో గొట్టం ఉంటాయి. తెర మీద పుండు కనబడగానే ఫోటో తీయాలి. పిడి మీది బటన్లకు, రిపోర్టు తయారు చేసే కంప్యూటరుకు అనుసంధానం లేనిచోట ఆ పని మౌసుతోనే చేయాలి. డాక్టరుగారికి చేయి ఖాళీ లేదు. కాబట్టి "సిస్టర్, ఫోటో" అంటారు. రోగి తల దగ్గర ఉన్న సిస్టర్ కంప్యూటరు దగ్గరకు వెళ్ళి నొక్కి వస్తారు. ఒక్క పరీక్షలో ఇలా ఎన్నోసార్లు.

ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. రోగి నోటి నుండి కారే లాలాజలాన్ని తీయడం, ఆక్సిజన్ అంకె చూడడం, భయపడుతున్నవారి భుజం మీద చేయి వేసి "నెమ్మదిగా ఊపిరి తీసుకోండమ్మా" అనడం సిస్టర్ పని. మౌసు వైపు తిరిగిన ప్రతిసారీ ఆ పని కొన్ని క్షణాలు ఆగుతుంది. రెండవది, రోగిని ముట్టిన తొడుగుతోనే మౌసును ముడుతున్నాము. అదే మౌసును తరువాత మరొకరు వట్టి చేతితో పట్టుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పిన చేతుల శుభ్రతకు సంబంధించిన ఐదు సందర్భాలలో రోగి పరిసరాలలోని వస్తువులను ముట్టిన తరువాత అనేది కూడా ఒకటి. కీబోర్డు, మౌసు ఆ వస్తువులే.

దీనికి తేలికైన ఉపాయం కాలి పెడల్. ఇది మనకు క్రొత్త కాదు. కుట్టు మిషను, గుంట మగ్గం మనకు తెలిసినవే. 2020లో కరోనా కాలంలో గుడి వాకిట, బడి వాకిట కాలితో తొక్కి చేతులకు శానిటైజర్ పోసుకున్న స్టాండు కూడా ఇదే సూత్రం. వ్రాత పనివారు డాక్టర్లు రికార్డు చేసిన మాటలు వింటూ టైపు చేసేటప్పుడు, టేపును ఆపి నడిపేది కూడా ఇలాంటి పెడల్‌తోనే.

సాధారణ యు.ఎస్.బి. పెడల్‌ను తగిలించగానే కంప్యూటరు దానిని మరొక కీబోర్డు అనుకుంటుంది. పెడల్ తొక్కితే ఏ మీట నొక్కినట్లు కావాలో ముందుగా నిర్ణయిస్తారు. రిపోర్టు సాఫ్ట్‌వేరులో ఫోటో తీయడానికి ఏ మీట ఉందో, పెడల్‌కు కూడా అదే ఇస్తారు. ఎండోస్కోపీ యంత్రం ధర ముందు దీని ధర లెక్కలోనిది కాదు.

అయితే తగిలించగానే పని అయిపోయిందని అనుకోరాదు. మేము మొదటిరోజు పెడల్ తొక్కాము. ఫోటో పడలేదు. కారణం వెదికితే, తెర మీద ముందు వేరొక కిటికీ తెరచి ఉంది. పెడల్ పంపే సంకేతం ముందున్న కిటికీకే పోతుంది. ఆ తరువాత నుండి పరీక్ష మొదలుపెట్టే ముందు ఒకసారి తొక్కి, ఫోటో వచ్చిందో లేదో చూసుకుంటున్నాము. టైపు చేసేటప్పుడు తరచు వాడే మీటను పెడల్‌కు ఇవ్వకపోవడం మంచిది.

ఇంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. పెడల్‌కు పేర్లు తెలియవు. ముందు వచ్చిన రోగి పేజీ మూయకుండా ఉంటే, మీ పుండు ఫోటో వారి రిపోర్టులోకి పోతుంది. చేత్తో నొక్కినా ఈ తప్పు జరగవచ్చు. కాలితో సులువుగా జరిగిపోతుంది కనుక మరింత జాగ్రత్త అవసరం. అందుకే గొట్టం లోపలికి వెళ్ళకముందే పేరు, వయస్సు, ఆసుపత్రి నంబరు పైకి చదివి సరిచూడాలని మా అభిప్రాయం.

మూడవది, కరెంటుతో కణితిని కోసే లేక రక్తం ఆపే యంత్రానికి కూడా కాలి పెడలే ఉంటుంది. దానిలో సాధారణంగా పసుపు కోయడానికి, నీలం రక్తం ఆపడానికి. చీకటి గదిలో రెండు పెడళ్ళు ప్రక్కప్రక్కనే ఉంటే ఫోటో అనుకొని కరెంటు తొక్కే ప్రమాదం ఉంది. కాబట్టి ఫోటో పెడల్ వేరే రంగుదిగా, వేరే ఆకారంతో, దూరంగా ఉండాలి. రెండూ వాడవలసిన రోజున ఫోటో పెడల్‌ను తీసివేయడం ఉత్తమం. నేల మీద ఉండే వస్తువు కనుక నీరు చొరనిది ఎంచుకొని రోజూ తుడవాలి. తీగ ఎవరి కాలికీ తగలకుండా అంటించాలి.

"ఇన్నాళ్ళు లేకుండానే నడిచింది కదా, ఇప్పుడెందుకు?" అనేవారున్నారు. నిజమే, నడిచింది. కాని సిస్టర్ రోగి దగ్గర ఉండవలసిన క్షణాలను మౌసుకు ఇచ్చి నడిపించాము. పెడల్ వచ్చినంత మాత్రాన చేతులు కడుక్కోవడం తప్పదు, సిస్టర్ అవసరం తగ్గదు. పెడల్ పెట్టి నర్సును తీసివేస్తే మేము ఒప్పుకోము. ఆమె చేతులను రోగికి తిరిగి ఇవ్వడానికే ఈ పెడల్.

పాఠకులకు ఒక మనవి. పరీక్షకు వచ్చినప్పుడు మీ పేరు మేము అడగకపోతే మీరే చెప్పండి. రిపోర్టు అందుకున్నాక పేరు, తేదీ సరిచూసుకోండి. "చేతులు కడుక్కున్నారా?" అని మమ్మల్ని అడగడానికి మొహమాటపడకండి. మీరు అడిగితే మేము నొచ్చుకోము.