బూడిద పట్టాక కొట్టే 'టీకా'

సంక్రాంతి దాటితే మన వరి మాగాణి మినుముకు బూడిద తెగులు భయం. పగలు పొడి, తెల్లవారుజామున మంచు. కింది ఆకుల మీద చిన్న తెల్లమచ్చతో మొదలై, చూస్తుండగానే చేనంతా పిండి చల్లినట్టవుతుంది. ఈసారి సరిగ్గా అప్పుడే దుకాణాల్లోకి కొత్త సీసాలు దిగాయి. "మొక్కకు టీకా లాంటిది, తెగులును లోపలినుంచే తరిమేస్తుంది" అన్నారు. మనలో చాలామందిమి కొన్నాం, ఆకు తెల్లబడ్డాక కొట్టాం. తెగులు ఆగలేదు. మళ్లీ గంధకం కొన్నాం, మళ్లీ కూలి ఇచ్చాం. సొంత పొలమున్నవాళ్లు ఎలాగో తట్టుకున్నారు. కౌలు రైతుకు అదీ అప్పే.

మొక్కలో నిరోధక శక్తిని లేపడం అనేది అబద్ధం కాదు. 1970ల మొదట్లోనే అమెరికాలో జోసెఫ్ కుచ్ బృందం బీన్స్ మొక్కల మీద చూపించింది. జబ్బు చేయలేని రకం శిలీంధ్రాన్ని మొక్కకు ఒకచోట తగిలిస్తే, దూరంగా ఉన్న భాగం కూడా ఆంత్రాక్నోస్ తెగులును తట్టుకుంది. మొక్క తనలో తానే తయారుచేసుకునే శాలిసిలిక్ ఆమ్లానికి ఈ పనిలో పెద్ద పాత్ర ఉందని తర్వాత తేలింది. దాన్ని అనుకరించే అసిబెంజోలార్-ఎస్-మిథైల్ అనే మందు 1990ల్లో విదేశాల్లో అమ్మకానికొచ్చింది.

అయితే ఇలాంటి మందు శిలీంధ్రాన్ని నేరుగా చంపదు. మొక్కను మేల్కొలుపుతుంది, అంతే. మొక్క కణాల గోడలు గట్టిపరచుకుని, శిలీంధ్రాన్ని కరిగించే ప్రొటీన్లు తయారుచేసుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే తెగులు రాకముందే కొట్టాలి, కొట్టినా పూర్తి రక్షణ ఉండదు. పైగా కాపలా పెట్టుకోవడం మొక్కకూ ఖర్చే. జర్మనీలో గోధుమ మీద చేసిన ప్రయోగంలో, తెగులు లేనిచోట ఈ మందు కొట్టిన మొక్కలకు గింజ తగ్గింది. ఈ ముక్క మనకు దుకాణంలో ఎవరైనా చెప్పారా?

చట్టమూ ఉంది. తెగులును అరికడుతుందని అమ్మే ఏ మందైనా 1968 పురుగుమందుల చట్టం కింద నమోదు కావాలి. 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి తెచ్చిన బయోస్టిమ్యులెంట్ల నిర్వచనంలో పురుగుమందులు లేవు. కాబట్టి ఆ పేరుతో ఉన్న సీసాను తెగులు మందుగా అమ్మడానికి వీల్లేదు. లేబుల్ మీద రిజిస్ట్రేషన్ నంబరు, పంట పేరు, తెగులు పేరు చూడకుండా డబ్బివ్వకండి.

మన డిమాండ్లు రెండే. రబీకి ముందే అధికారులు దుకాణాలు తనిఖీ చేయాలి. ఈ మందులను కృషి విజ్ఞాన కేంద్రాల్లో మినుము మీద పరీక్షించి, ఫలితం తెలుగులో ప్రకటించాలి. అంతవరకు తట్టుకునే రకాల విత్తనం, తొలి మచ్చ కనబడగానే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం, అదీ ఎండ ముదరకముందు.

ఈసారి కొన్న సీసాల బిల్లులు, లేబుళ్లు పారేయకండి. మండల కమిటీకి తెచ్చివ్వండి. అన్నీ కలిపి వ్యవసాయాధికారికి ఫిర్యాదు ఇద్దాం. బిల్లు ఇవ్వలేదంటే, ఇవ్వలేదనే కాగితం మీద రాసి సంతకం పెట్టి తెండి.